బాస్ కొడితే హెడ్‌లైట్లు డిమ్ అవుతున్నాయా? కెపాసిటర్ కొనేముందు మల్టీమీటర్ పెట్టి చూడండి

పోయిన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మా ఊరికి కారులో బయల్దేరాను. విజయవాడ హైవే మీద ఉన్నంతసేపూ ఏమీ తెలియలేదు. నందిగామ దగ్గర హైవే దిగి ఊరి రోడ్డు ఎక్కాక అసలు సీన్ మొదలైంది. టైమ్ రాత్రి పదకొండు దాటింది. వీధి లైట్లు లేవు. డిక్కీలో పన్నెండు అంగుళాల వూఫర్ మంచి ఊపు మీద ఉంది. బాస్ పడిన ప్రతిసారీ రోడ్డు మీద వెలుతురు ఒక్కసారి తగ్గి మళ్లీ వస్తోంది. మొదట్లో ఫన్నీగానే అనిపించింది, లైట్లు కూడా పాటకి స్టెప్పులేస్తున్నాయని నవ్వుకున్నాను.

అలాంటి ఒక డిమ్ తర్వాత వెలుతురు తిరిగొచ్చేసరికి ఎదురుగా పత్తి లోడుతో ట్రాక్టర్ ట్రక్కు ఉంది. వెనక లైటు లేదు, రిఫ్లెక్టర్ స్టిక్కర్ కూడా లేదు. బ్రేక్ మీద నిలబడితే కారు ఆగింది. మధ్యలో మిగిలింది నాలుగైదు అడుగులు.

తప్పు ట్రాక్టర్‌వాడిదే అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఒక లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్ల స్పీడులో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. సరిగ్గా చూడాల్సిన టైమ్‌లో అర సెకను వెలుతురు తగ్గినా 11 మీటర్ల రోడ్డు సగం గుడ్డిగా దాటినట్టే. ఆ రాత్రి వూఫర్ ఆఫ్ చేసి ఇంటికి చేరాను.

హైదరాబాద్ వచ్చాక సిస్టమ్ బిగించిన షాపుకే వెళ్లాను. "కెపాసిటర్ వేస్తే క్లియర్ అయిపోద్ది బ్రో" అన్నారు. మూడున్నర వేలు పెట్టి 1 ఫారడ్ కెపాసిటర్ వేయించాను. నీలం రంగు డిస్‌ప్లే, మెరిసే స్టీల్ బాడీ, చూడటానికి సూపర్. లైట్లు మాత్రం ఎప్పటిలాగే డిమ్ అవుతున్నాయి!

రోజూ ఆఫీసులో లాగ్స్ చూడకుండా కోడ్ మార్చొద్దని జూనియర్లకు చెప్పే నేను, నా కారు విషయంలో చేసింది సరిగ్గా అదే పని. ఒక్క రీడింగ్ కూడా తీసుకోకుండా పార్ట్ కొనేశాను. ఆ తర్వాత మల్టీమీటర్ పట్టుకుని నేను తెలుసుకున్నదే ఈ ఆర్టికల్. మీ దగ్గరా పవర్‌ఫుల్ స్టీరియో ఉంటే మీ మూడున్నర వేలైనా మిగులుతాయి.

అసలు లైట్లు ఎందుకు డిమ్ అవుతాయి?

ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్ ఒక్కటే. మన మెకానిక్‌ల భాషలో డైనమో. బ్యాటరీ స్టోర్ చేస్తుందే తప్ప పుట్టించదు. ఆల్టర్నేటర్ బాగా పనిచేస్తుంటే బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా ఉంటుంది. ఇంజన్ ఆఫ్ చేసి కాసేపు వదిలేస్తే, ఫుల్ ఛార్జ్‌లో ఉన్న బ్యాటరీ 12.6 దగ్గర నిలబడుతుంది.

దీన్ని మన భాషలో ఇలా అనుకోండి. ఆల్టర్నేటర్ మీ ఇంటర్నెట్ స్పీడ్. బ్యాటరీ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న స్టోరేజ్. కెపాసిటర్ ఒక చిన్న క్యాష్ మెమరీ. నెట్ స్పీడ్ సరిపోనప్పుడు క్యాష్ ఒక్క క్షణం కాపాడుతుంది, ఆ తర్వాత భారమంతా స్టోరేజ్ మీద పడుతుంది.

బాస్ బీట్ పడగానే ఆంప్లిఫయర్ ఒక్కసారిగా పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఆల్టర్నేటర్‌లోని రెగ్యులేటర్ దానికి తగ్గట్టు పెరగడానికి కాస్త టైమ్ పడుతుంది. ఆల్టర్నేటర్ అప్పటికే ఫుల్ కెపాసిటీలో ఉంటే ఇక పెరగడానికి చోటే ఉండదు. అప్పుడు వోల్టేజీ 14 నుంచి జారుతూ 12.6 దరిదాపుల్లోకి వచ్చాకే బ్యాటరీ సాయం మొదలవుతుంది. మన కంటికి డిమ్‌గా కనిపించేది ఈ జారుడే.

హాలోజన్ బల్బుల్లో ఇది మరీ ఎక్కువ తెలుస్తుంది. వాటి వెలుతురు వోల్టేజీకి సుమారు 3.4 ఘాతంలో మారుతుంది. వోల్టేజీ 5 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 16 శాతం పడిపోతుంది. 10 శాతం తగ్గితే 30 శాతం పోతుంది. మీటర్ మీద చిన్నదిగా కనిపించే తేడా రోడ్డు మీద పెద్దది.

మీ సిస్టమ్ నిజంగా ఎంత కరెంటు తాగుతుంది?

బాక్స్ మీద "2000 వాట్స్ మ్యాక్స్" అని ఉంటే దాన్ని నమ్మకండి. ఫోన్ కెమెరాల మెగాపిక్సెల్ గోలలాంటిదే అది కూడా. మనకు కావాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్స్. అది కూడా అనుమానంగా ఉంటే ఆంప్లిఫయర్ పక్కన ఉన్న ఫ్యూజులు చూడండి. రెండు 30 ఆంపియర్ ఫ్యూజులు ఉన్నాయనుకుందాం. 60 ఆంపియర్లను 13.8 వోల్టులతో గుణించి, క్లాస్ డి ఆంప్లిఫయర్ కాబట్టి 80 శాతం ఎఫిషియెన్సీ వేస్తే 660 వాట్స్ వస్తుంది. నిలకడగా అంతకంటే ఎక్కువ ఇస్తుందని రాశారంటే ఆ అంకె స్టిక్కర్ మీదే ఉంటుంది.

నా కారు లెక్క ఇది:

• వూఫర్‌కి 600 వాట్స్ ఆర్‌ఎంఎస్ మోనో ఆంప్లిఫయర్, క్లాస్ డి. లోపలికి 750 వాట్స్ కావాలి. అంటే దాదాపు 54 ఆంపియర్లు.
• డోర్ స్పీకర్లకి నాలుగు ఛానళ్ల ఆంప్లిఫయర్, ఛానల్‌కి 50 వాట్స్, క్లాస్ ఏబీ. ఈ రకం ఎఫిషియెన్సీ 55 శాతం దగ్గర వేసుకుంటే దాదాపు 26 ఆంపియర్లు.
• హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్, ఫ్యూయల్ పంప్, ఇగ్నిషన్ అన్నీ కలిపి రాత్రిపూట సుమారు 35 ఆంపియర్లు.

అన్నీ ఫుల్‌గా లాగితే 115 ఆంపియర్లు. నా హ్యాచ్‌బ్యాక్ ఆల్టర్నేటర్ రేటింగ్ 70. అదీ ఇంజన్ బాగా తిరుగుతున్నప్పుడు మాత్రమే. సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు మామూలు ఆల్టర్నేటర్ తన రేటింగ్‌లో సగం దగ్గరే ఇస్తుంది. బానెట్ కింద వేడెక్కితే ఇంకా తగ్గుతుంది.

అయితే కంగారు పడక్కర్లేదు. పాట అంటే ఆగకుండా మోగే టోన్ కాదు కదా. బీట్‌కీ బీట్‌కీ మధ్య గ్యాప్ ఉంటుంది. బాస్ ఎక్కువున్న పాటలో కూడా సగటు వాడకం పీక్‌లో మూడో వంతు దగ్గర అనుకోవచ్చు. అలా చూస్తే స్టీరియో సగటున 27, కారు 35, మొత్తం 62 ఆంపియర్లు. రన్నింగ్‌లో బొటాబొటిగా సరిపోవాలి. మరి నాకెందుకు సరిపోవడం లేదు?

ముందు ఆ కెపాసిటర్ సంగతి తేల్చేద్దాం

ఇంటర్‌లో చదివిన ఫార్ములానే. కెపాసిటర్‌లో ఉండే ఎనర్జీ, ఫారడ్‌లను వోల్టేజీ వర్గంతో గుణించి అందులో సగం. 1 ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 13 వోల్టులకు దిగేలోపు ఇచ్చే ఎనర్జీ 13.5 జౌళ్లు. నా వూఫర్ ఆంప్లిఫయర్ సెకనుకు 750 జౌళ్లు తాగుతుంది. అంటే కెపాసిటర్ సాయం 18 మిల్లీ సెకన్లు. 40 హెర్ట్జ్ బాస్ నోట్ ఒక్క సైకిల్ పూర్తవడానికే 25 మిల్లీ సెకన్లు కావాలి. మూడున్నర వేల కెపాసిటర్ ఒక్క సైకిల్ కూడా పూర్తిగా మొయ్యలేదన్నమాట!

పైగా ఖాళీ అయిన కెపాసిటర్ మళ్లీ నిండాలంటే ఆ కరెంటు కూడా అదే ఆల్టర్నేటర్ ఇవ్వాలి. అప్పటికే సరిపోక ఏడుస్తున్న దాని మీద ఇంకో లోడు. చాలా చిన్న, క్షణికమైన డిప్‌లను కెపాసిటర్ కాస్త మెత్తగా చేయగలదు. అంతవరకే.

టెస్టింగ్: 15 నిమిషాలు, ఐదు రీడింగులు

కోఠి గుజరాతీ గల్లీలో మూడు నాలుగు వందలకి దొరికే డిజిటల్ మల్టీమీటర్ చాలు. డీసీ వోల్ట్స్ 20 రేంజ్‌లో పెట్టండి. ఒకరు లోపల వాల్యూమ్ చూసుకుంటే ఇంకొకరు బానెట్ దగ్గర ఉండాలి. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. ఫ్యాన్‌కీ బెల్టుకీ చేతులు, చున్నీలు, ఇయర్‌ఫోన్ వైర్లు దూరంగా ఉంచండి.

చవక మీటర్లు సెకనుకు రెండు మూడు సార్లే రీడింగ్ మారుస్తాయి. బీట్ టైమ్‌లో పడే డిప్ వాటికి దొరకదు. అందుకే పాట కాకుండా 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ ప్లే చేయండి. మీరు మామూలుగా వినే వాల్యూమ్‌లో మూడు నాలుగు సెకన్లు చాలు. అంతకంటే ఎక్కువసేపు ఉంచితే వూఫర్ కాయిల్ వేడెక్కి కాలిపోవచ్చు. హెడ్‌లైట్లు, ఏసీ ఆన్‌లో ఉంచి, ఒకసారి ఐడ్లింగ్‌లో, ఒకసారి 2000 ఆర్‌పీఎం దగ్గర చూడండి.

1. బ్యాటరీ ప్లస్ నుంచి బ్యాటరీ మైనస్‌కి. టోన్ లేకుండా ఎంత, టోన్‌తో ఎంత? రన్నింగ్‌లో 13కి పైనే ఉంటే బాగానే ఉన్నట్టు. 12.6 దగ్గరికి వస్తే భారం బ్యాటరీ మోస్తోంది.

2. ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్‌కి. ఇక్కడ కొలుస్తున్నది ఆ కేబుల్‌లో పోయే వోల్టేజీ. 0.2 కంటే తక్కువ ఉండాలి. ప్రోబ్ జారి బోల్టుకీ బాడీకీ కలిస్తే పెద్ద స్పార్క్ వస్తుంది. ఈ ఒక్క రీడింగ్ చేతకాదనిపిస్తే ఎలక్ట్రీషియన్‌తో తీయించండి.

3. ఇంజన్ బ్లాక్ నుంచి బ్యాటరీ మైనస్‌కి. ఇది ఎర్త్ దారి. 0.1 వోల్టు లోపు మంచిది. 0.2 దాటితే ఎర్త్ బాగాలేదు.

4. బ్యాటరీ ప్లస్ నుంచి హెడ్‌లైట్ కనెక్టర్ ప్లస్‌కి.

5. హెడ్‌లైట్ ఎర్త్ నుంచి బ్యాటరీ మైనస్‌కి. నాలుగు, ఐదు కలిపితే హెడ్‌లైట్ దారిలో మొత్తం ఎంత పోతోందో తెలుస్తుంది. అరవోల్టు దాటితే వైరింగ్ వీక్.

ఇవి కాక మన గాడ్జెట్ బుర్రకు తట్టిన ఒక ట్రిక్. గోడకి ఎదురుగా కారు పెట్టి, ఫోన్‌లో 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్‌లో ఆ వెలుతురు రికార్డ్ చేయండి. ఎక్స్‌పోజర్ లాక్ చేయడం మర్చిపోవద్దు. లేకపోతే కెమెరా తనంతట తానే వెలుతురు సరిచేసేసి డిప్ దాచేస్తుంది. రిపేరుకి ముందు ఒకటి, తర్వాత ఒకటి తీసి పక్కపక్కన పెడితే తేడా కళ్లకి కడుతుంది.

నా కారులో దొరికిన దొంగ

రీడింగులు తీశాక నాకే నమ్మబుద్ధి కాలేదు. 2000 ఆర్‌పీఎం దగ్గర టోన్ లేకుండా బ్యాటరీ 13.8. టోన్ వస్తే 12.6. ఐడ్లింగ్‌లో అయితే 12.1కి పడుతోంది. సరే, సప్లయ్ తక్కువే. కానీ రెండో రీడింగ్ 0.35, మూడోది 0.6! ఆల్టర్నేటర్ పుట్టించిన దాంట్లో దాదాపు ఒక వోల్టు బ్యాటరీ దాకా రాకుండా దారిలోనే ఆవిరవుతోంది. హెడ్‌లైట్ దారిలో ఇంకో 0.9 పోతోంది. అంటే బాస్ పడినప్పుడు బల్బుకి చేరేది 11.7 మాత్రమే.

తర్వాత ఊరెళ్లినప్పుడు ఈ రీడింగులు రాసిన కాగితం పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. అరవై దాటిన పెద్దాయన. కాగితం చూడకుండానే ఇంజన్ కింద చెయ్యి పెట్టి, జడలా అల్లిన ఒక రాగి పట్టీ బయటికి లాగారు. ఒక చివర పచ్చగా చిలుము పట్టింది, సగం పోగులు తెగిపోయాయి.

"ఇదేంటి బాబాయ్?" అంటే, "ఇంజన్ ఎర్త్ పట్టీ. ఎనిమిదేళ్ల బండి కదా బాబూ, పాటలు పెట్టకముందు దీనికి లోడు లేదు కాబట్టి నడిచింది. వెళ్లే దారి ఎంత లావుగా ఉంటుందో వచ్చే దారీ అంత లావుగా ఉండాలి" అన్నారు. డిక్కీలో కెపాసిటర్ చూసి నవ్వి, "దీనిలో కరెంటు పుట్టదు నాయనా" అని మాత్రం అన్నారు.

నేను బీటెక్‌లో నాలుగేళ్లు చదివింది ఆయన రెండు మాటల్లో తేల్చేశారు. సర్క్యూట్ అంటే ప్లస్ ఒక్కటే కాదు. మనం ఖరీదైన ఎర్ర కేబుల్ వేసి మురిసిపోతాం, కరెంటు తిరిగొచ్చే నల్ల దారిని ఎవరూ చూడరు.

ఏ ఆర్డర్‌లో ఫిక్స్ చేయాలి?

చవక పని ముందు, ఖరీదైనది చివర. ప్రతి స్టెప్ తర్వాత మళ్లీ రీడింగ్ తీసుకోండి. ప్రాబ్లం పోయిందంటే అక్కడే ఆగిపోండి.

మొదటిది ఫ్రీ. గెయిన్ తగ్గించండి. గెయిన్ అంటే వాల్యూమ్ నాబ్ కాదు. మ్యూజిక్ ప్లేయర్ నుంచి వచ్చే సిగ్నల్‌కి ఆంప్లిఫయర్‌ని మ్యాచ్ చేసే సెట్టింగ్ అది. చాలా షాపుల్లో దాన్ని చివరిదాకా తిప్పేసి, బాస్ బూస్ట్ కూడా ఆన్ చేసి ఇస్తారు. వూఫర్ లెవెల్ 3 డెసిబెల్స్ తగ్గిస్తే పవర్ సగం అవుతుంది, కరెంటూ దాదాపు సగానికి వస్తుంది. చెవికి మాత్రం కొంచెం తగ్గినట్టే ఉంటుంది. ఇంత చవక బేరం ఇంకోటి లేదు. సబ్‌సోనిక్ ఫిల్టర్ ఉంటే అదీ ఆన్ చేయండి. వినపడని లోతైన బాస్ కోసం పోయే కరెంటు మిగులుతుంది.

రెండోది ఎర్త్ పాయింట్లు. బ్యాటరీ నెగటివ్ బాడీకి కలిసేచోట, ఇంజన్ పట్టీ రెండు చివర్లు, ఆంప్లిఫయర్ ఎర్త్ బోల్టు. అన్నిచోట్లా పెయింట్, తుప్పు గీకేసి, మెరిసే లోహం మీద లగ్ పెట్టి గట్టిగా బిగించాలి. వూఫర్ ఎర్త్, సీటు బోల్టుకి కాకుండా కారు బాడీ లోహానికి నేరుగా ఉండాలి.

మూడోది హెడ్‌లైట్ రిలే హార్నెస్. చాలా పాత కార్లలో హెడ్‌లైట్ కరెంటు మొత్తం స్టీరింగ్ పక్కన ఉన్న స్విచ్ గుండా తిరిగొస్తుంది. సన్న వైరు, పొడుగు దారి. రిలే హార్నెస్ వేస్తే స్విచ్ కేవలం సిగ్నల్ ఇస్తుంది, బల్బుకి కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరులో వెళ్తుంది. డిమ్మింగ్ ఉన్నా లేకపోయినా, హాలోజన్ బండికి ఇది డబ్బులకు తగ్గ అప్‌గ్రేడ్. కానీ అదే ఊపులో 100/90 వాట్స్ బల్బులు వేయొద్దు. మామూలు 60/55 బల్బుల కంటే అవి ఇంకో ఐదారు ఆంపియర్లు లాగుతాయి. మనం మిగిల్చింది మళ్లీ అక్కడే పోతుంది, ఎదుటివాళ్ల కళ్లూ పోతాయి.

నాలుగోది కార్ ఆడియో వాళ్లు "బిగ్ త్రీ" అని పిలిచే పని. మూడు కేబుళ్లు లావువి వేయడం. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ ప్లస్‌కి, బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, ఇంజన్ నుంచి బాడీకి. పాతవి తీసేయక్కర్లేదు, వాటికి జతగా వేస్తే చాలు. నా సైజు సిస్టమ్‌కి 4 గేజ్, అంటే 21 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ సరిపోయింది.

కేబుల్ కొనేటప్పుడు ఒక మోసం గమనించండి. అల్యూమినియం మీద రాగి పూత ఉన్న కేబుళ్లను మామూలు కేబుల్ కిట్‌లుగా అమ్ముతారు. చూడటానికి ఎర్రగానే ఉంటాయి. కోసిన చోట బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. ఒకే లావు ఉన్నా రాగి కంటే వీటి రెసిస్టెన్స్ దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ.

ఇక్కడే ఇంకో కన్ఫ్యూజన్ కూడా. ఆంప్లిఫయర్‌కి వెళ్లే ఎర్ర కేబుల్ సన్నగా ఉంటే బాస్ పల్చబడుతుంది, కేబుల్ వేడెక్కుతుంది. అది కచ్చితంగా మార్చాల్సిందే. కానీ అందులో పోయే వోల్టేజీ ఆ దారికే పరిమితం. హెడ్‌లైట్లు డిమ్ అవ్వడానికి అది కారణం కాదు. ఆ కేబుల్ ఒక్కటి మార్చి లైట్లు బాగుపడతాయని ఆశపడొద్దు.

ఐదోది బ్యాటరీ. మూడు నాలుగేళ్లు దాటితే షాపులో లోడ్ టెస్ట్ చేయించండి. వీక్ అయితే మార్చాలి. ఏజీఎం రకంలో లోపలి రెసిస్టెన్స్ తక్కువ కాబట్టి ఒక్కసారిగా పడే లోడుకి బాగా తట్టుకుంటుంది. కానీ ఎంత మంచి లెడ్ యాసిడ్ బ్యాటరీ అయినా 12.6, 12.8 దగ్గరే సాయానికి వస్తుంది. 14 నుంచి అక్కడిదాకా పడే డిప్‌ని అది ఆపలేదు, అంతకంటే కిందికి పోకుండా మాత్రమే పట్టుకుంటుంది.

ఆరోది పెద్ద ఆల్టర్నేటర్. పైవన్నీ చేశాక కూడా రన్నింగ్‌లో వోల్టేజీ 13 దాటకపోతే, అసలైన మందు ఇదే. కొనేటప్పుడు మ్యాక్స్ రేటింగ్ కాదు, ఐడ్లింగ్‌లో ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో అడగండి. దానికంటే ముందు బెల్టు టైట్‌గా ఉందో లేదో చూడండి. బెల్టు జారుతుంటే ఎంత పెద్ద డైనమో పెట్టినా దండగ.

నాకు వచ్చిన రిజల్ట్

కొత్త ఎర్త్ పట్టీ, బిగ్ త్రీ, రిలే హార్నెస్, వూఫర్ 3 డెసిబెల్స్ తగ్గింపు. నేను చేసింది ఈ నాలుగే. లేబర్‌తో కలిపి ఐదు వేలలోపు అయింది.

2000 ఆర్‌పీఎం దగ్గర టోన్ లేకుండా బ్యాటరీ 14.0. టోన్‌తో 13.3. హెడ్‌లైట్ దారిలో పోయేది 0.9 నుంచి 0.2కి తగ్గింది. ఇప్పుడు బల్బు దగ్గర మామూలుగా 13.8, బాస్ పడితే 13.1.

పాత అంకెలు 12.9, 11.7. అప్పుడు బీట్ పడితే వెలుతురు 28 శాతం పడిపోయేది, ఇప్పుడు 16 శాతం. డిమ్మింగ్ పూర్తిగా పోలేదు, ఒప్పుకుంటాను. కానీ అసలు కిక్ ఇచ్చిన పాయింట్ ఇది. ఇప్పుడు బాస్ పడినప్పుడు బల్బుకి అందే 13.1, అప్పట్లో పాట ఆపేసినా అందే 12.9 కంటే ఎక్కువ. అంటే ఇప్పటి డిమ్ కూడా అప్పటి ఫుల్ కంటే బ్రైట్! బాస్ పడిన క్షణంలో చూస్తే రోడ్డు మీద వెలుతురు దాదాపు సగం పెరిగింది.

ఐడ్లింగ్‌లో ఇప్పటికీ 12.5కి పడుతుంది. 70 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కి అంతకంటే చేతకాదు. దానికి నా సొల్యూషన్ సింపుల్, సిగ్నల్ దగ్గర వాల్యూమ్ తగ్గిస్తున్నాను. పక్క బండివాళ్లు కూడా సంతోషిస్తున్నారు.

ఎల్‌ఈడీ లైట్లు వేస్తే సరిపోతుందిగా?

ఇది చాలామంది చెప్పే షార్ట్‌కట్. కంపెనీ ఫిటెడ్ ఎల్‌ఈడీ హెడ్‌లైట్లలో డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది. వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయినా ఎల్‌ఈడీకి ఒకే కరెంటు వెళ్తుంది కాబట్టి డిమ్ కనపడదు. కానీ వోల్టేజీ పడటం ఆగదు. జ్వరం వచ్చినప్పుడు థర్మామీటర్ పారేసినట్టు ఉంటుంది. బ్యాటరీ తొందరగా పోవడం, పొద్దున్నే సెల్ఫ్ తీసుకోకపోవడం రూపంలో బిల్లు తర్వాత వస్తుంది. ఇక హాలోజన్ రిఫ్లెక్టర్‌లో బయట కొన్న ఎల్‌ఈడీ బల్బు పెడితే ఫోకస్ చెదిరి ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది.

కొత్త కార్లున్న ఫ్రెండ్స్‌కి ఒక మాట. చాలా మోడళ్లలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది. లోపలికీ బయటికీ పోయే కరెంటుని అది లెక్కపెట్టి, ఆల్టర్నేటర్ ఎంత ఇవ్వాలో ఈసీయూకి చెబుతుంది. ఆంప్లిఫయర్ ఎర్త్‌ని ఆ సెన్సర్ దాటి నేరుగా బ్యాటరీ మైనస్ పోల్‌కి కలిపితే లెక్క తప్పుతుంది. బాడీకి కలపండి. ఈవీల్లో ఆల్టర్నేటరే ఉండదు, పెద్ద బ్యాటరీ నుంచి డీసీ-డీసీ కన్వర్టర్ 12 వోల్టుల లైన్‌ని నడుపుతుంది. దాని లిమిట్ ఎన్ని ఆంపియర్లో తెలుసుకోకుండా పెద్ద ఆంప్లిఫయర్ పెట్టొద్దు. వారంటీ ఉన్న బండిలో వైర్లు కోసేముందు సర్వీస్ సెంటర్‌ని అడగండి.

ఈ నాలుగూ అస్సలు మర్చిపోవద్దు

• ఆంప్లిఫయర్ కేబుల్‌కి మెయిన్ ఫ్యూజు బ్యాటరీ నుంచి అడుగున్నర లోపు ఉండాలి. అది స్టీరియోని కాపాడటానికి కాదు, కేబుల్ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే బండి తగలబడకుండా ఆపడానికి.
• బిగ్ త్రీలో కొత్తగా వేసే ఆల్టర్నేటర్ కేబుల్‌కి కూడా తగిన ఫ్యూజు వేయించండి.
• కేబుల్ లోహపు రంధ్రం గుండా వెళ్లే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ ఉండాలి.
• ఇంజన్ నడుస్తుండగా ఆల్టర్నేటర్‌ని టెస్ట్ చేయడానికి బ్యాటరీ టెర్మినల్ పీకకండి. పాత మెకానిక్‌లు కొందరు ఇప్పటికీ చేస్తారు. ఆ క్షణంలో వోల్టేజీ ఎగిసిపడి ఈసీయూ పోవచ్చు.

ఫోన్ స్లో ఛార్జ్ అయితే మనం ముందు కేబుల్ మార్చి చూస్తాం, తర్వాత అడాప్టర్, ఆ తర్వాతే బ్యాటరీ. కారుకీ అదే లాజిక్. పోయిన నెల మళ్లీ అదే ఊరి రోడ్డు మీద, అదే పాట పెట్టుకుని వెళ్లాను. ఈసారి చాలా దూరం నుంచే ఒక ట్రాక్టర్ కనిపించింది. దానికీ వెనక లైటు లేదు. నిదానంగా స్లో చేసి, డిప్పర్ కొట్టి, పక్కనుంచి వెళ్లిపోయాను. పాట ఆపాల్సిన అవసరం రాలేదు.